నేను గీసిన గుర్రపుడెక్క

నా మొదటి ముఖచిత్రం కథ చెబుతాను, వినండి. ఆ ఒక్క బొమ్మతో ఒక పత్రికా ఆఫీసు ఉలిక్కిపడింది, ఒక పెళ్ళి ఊరేగింపు మధ్యలో ఆగింది, ఒక ఆడగుర్రం ఆరోగ్యం గురించి మా పేట సిద్ధగోరా అంతా పుకారు పాకింది, నా ఎడమకాలి బొటనవేలు వంకాయ రంగుకి తిరిగింది. ఇంత నష్టం జరగడానికి భూకంపమేమీ రాలేదు. ఒక్క తెలుగు మాటకి అర్థం తెలియని నేను, తెలుసని తల ఊపాను. అంతే.

ముందు నా ఉద్యోగం సంగతి. ఉద్యోగం అంటే మా అమ్మ ఒప్పుకోదు. పత్రికల్లో వచ్చే వ్యాసాలకి బొమ్మలు వేస్తాను. ఇంట్లో కూర్చుని, కరెంటు ఉన్నప్పుడు, పలక లాంటి టాబ్లెట్ మీద. ఎవరి దగ్గరా జీతగత్తెను కాను. ఈ మాట గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, నెలాఖరుకి మా నాన్న చూసే చూపులో ఆ గొప్ప కనిపించదు. ఆయనది టాటానగర్‌లో రైల్వే పని. నా పని గురించి ఎవరైనా అడిగితే, సిగ్నల్ పడని బండిలా మౌనంగా నిలబడిపోతాడు. అమ్మ మాత్రం నిలబడదు. "మా నీలవేణి కంప్యూటర్ మీద ముగ్గులేత్తది" అని వీధి వీధంతా చెప్పి వస్తుంది.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. దేన్నీ దానిలాగా గీయలేం. ఉల్లి ధర పెరిగిందని వ్యాసం వస్తే ఉల్లిపాయ గీస్తే చాలదు. నిచ్చెనెక్కి మబ్బుల్లో కూర్చున్న ఉల్లిపాయ గీయాలి. అన్నిటికీ వెనక ఒక లోతైన భావం ఉంటుందని, అది నాకు తప్ప ఇంకెవరికీ తట్టదని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం. అప్పటికి నేను గీసినవన్నీ లోపలి పేజీల్లో అగ్గిపెట్టెంత బొమ్మలు. వంటల పేజీకి కాకరకాయ, వైద్యం పేజీకి మూత్రపిండం. ఒక్కోసారి అచ్చయ్యాక ఏది ఏదో నాకే తెలిసేది కాదు.

ఇంకో జబ్బు కూడా ఉంది, అది నా ఒక్కదానిది కాదు, టాటానగర్‌లో పుట్టిన మా తెలుగు పిల్లలందరిదీ. మా వాళ్ళది శ్రీకాకుళం వైపు. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో అడుగుతారు, మేం హిందీలో జవాబు చెబుతాం. నేను చదివిందంతా హిందీ మీడియం. మీరిప్పుడు చదువుతున్న ఈ తెలుగు తర్వాత కష్టపడి సంపాదించుకున్నది. అప్పట్లో నా తెలుగు సగం ఉడికిన అన్నం. పైకి బాగానే కనిపించేది, నోట్లో పెట్టుకుంటే తెలిసేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం వసుంధర గారు ఫోన్ చేశారు. విజయవాడలోని ఒక వారపత్రికలో బొమ్మల వ్యవహారమంతా ఆవిడ చేతిలో ఉంటుంది. మంచి మనిషి. కానీ మాట్లాడ్డం మొదలుపెడితే రాజధాని ఎక్స్‌ప్రెస్సే, చిన్న స్టేషన్లలో ఆగదు.

"నీలవేణీ, ఈ వారం ముఖచిత్రం నువ్వే వెయ్యాలి. మా ఆర్టిస్టు గారు బాత్‌రూమ్‌లో జారి చెయ్యి విరగ్గొట్టుకున్నారు."

"అయ్యో పాపం!" అన్నాను. గొంతులోని సంతోషాన్ని ఎంత తొక్కిపెట్టినా పైకి తన్నుకొచ్చింది.

"విషయం గుర్రపుడెక్క."

"ఏంటి మేడం?"

"గుర్రపుడెక్క. చెరువుల్నీ కాలువల్నీ మింగేస్తోంది. రైతులు గగ్గోలు పెడుతున్నారు. తెలుసుగా నీకు?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇదే ఆ ఘడియ. తెలీదు మేడం అంటే సరిపోయేది. ఆవిడ చెప్పేవారు, నేను వినేదాన్ని, ఈ కథే ఉండేది కాదు. కానీ మొదటి ముఖచిత్రం! తెలీదంటే ఇంకొకరికి ఇచ్చేస్తారేమో!

"తెలియకేం మేడం! భలేవారే!" అన్నాను.

"మంచిది. వ్యాసం ఇంకా రాలేదు, మా విలేకరి కాలువగట్ల మీదే తిరుగుతున్నాడు. నువ్వు ఎలా వేద్దామనుకుంటున్నావ్?"

"పైనుంచి మేడం. కింద నీళ్ళు, ఊరు..." అన్నాను, నోటికొచ్చినట్టు.

"పైనుంచా? డ్రోన్‌తో తీసినట్టా? చాలా బాగుంటుంది! కాలువ మొత్తం కప్పేసినట్టు కనపడాలి. ఆకుపచ్చ దట్టంగా వాడు."

"ఆకుపచ్చా?"

"మరి ఇంకే రంగులో ఉంటుంది?"

"అవునవును, ఆకుపచ్చే."

"పువ్వులు మర్చిపోకు. ఊదారంగు. పైకి ఎంత ముచ్చటగా ఉంటుందో, అంత ప్రాణాంతకం. అసలు కథంతా అక్కడే ఉంది. ఆఁ, ఇంకోటి. వేళ్ళు కనిపించాలి. నీళ్ళలోకి వేలాడుతూ, నల్లగా, కుచ్చుల్లాగా."

"వేళ్ళా మేడం?"

"వేళ్ళే! దాని బలమంతా అందులోనే కదా. వేళ్ళు లేకపోతే బొమ్మలో పస ఉండదు. ముందు రఫ్ పంపు."

రఫ్ అంటే అసలు బొమ్మకి ముందు పంపే కచ్చా గీత. ఎడిటర్ చూసి సరే అన్నాకే అసలు పని మొదలుపెట్టాలి. ఇలాంటి ఘోరాలు జరక్కుండా పెద్దలు పెట్టిన నియమం. నేనేమన్నానో తెలుసా?

"రఫ్ ఎందుకు మేడం, నేరుగా ఫైనలే పంపుతాను. మీరు చూసి ఆశ్చర్యపోవాలి."

ఆ ఒక్క మాట మాత్రం అక్షరాలా నిలబెట్టుకున్నాను.

ఈపాటికి మీలో కాలువగట్టున పెరిగినవాళ్ళు పొట్ట పట్టుకుని ఉంటారు. కానివ్వండి. మిగిలినవాళ్ళు నాతో పాటు మునగండి.

ఫోన్ పెట్టగానే నిఘంటువు తెరిచాను. గుర్రం అంటే తెలుసు. కాబట్టి 'డెక్క' ఒక్కటే వెతికాను. మాట మొత్తం వెతికి ఉంటే అరగంటలో బతికి బట్టకట్టేదాన్ని. నేను సగం మాట వెతికాను, పూర్తిగా మునిగాను. 'డెక్క: గిట్ట, గుర్రము మొదలగువాని పాదము' అని వచ్చింది. గుర్రపు పాదం చెరువుల్ని మింగేస్తోంది! మామూలు మనిషి అయితే ఇక్కడ ఆగి బుర్ర గోక్కుంటుంది. నాకు మాత్రం ఒళ్ళు పులకరించింది. ఆహా, ఎంత లోతైన భావం! బలవంతుల పాదం కింద ఊళ్ళ నీళ్ళు నలిగిపోతున్నాయన్నమాట. ఆకుపచ్చ అంటే పచ్చదనం పేరుతో చేసే మోసం. పువ్వులంటే ఆ బలవంతులకి మనమే వేసే దండలు. మరి వేళ్ళు? గుర్రానికి వేళ్ళుండవే! కాసేపు గింజుకుని అదీ విప్పేశాను. ఆ పాదం కింద నలిగిన మనుషుల వేళ్ళు! నల్లగా, నీళ్ళలోకి వేలాడుతూ! వసుంధర గారి ధైర్యానికి కూర్చున్నచోటు నుంచే దండం పెట్టాను.

అమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతోంది.

"ఏటే, మొకం ఎలిగిపోతంది? ఏటి గీయమన్నారే?"

"ఘోడే కా ఖుర్" అన్నాను హిందీలో.

చూశారా? అచ్చ తెలుగు మాట చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు అమ్మ ముందు పలికి ఉంటే చాలు. కానీ మాది తెలుగు ప్రశ్నకి హిందీలో జవాబు చెప్పే జాతి అని ముందే మనవి చేశాను.

"గుర్రం కాలా? కవరు మీద గుర్రం కాలేటే? దేవుడి బొమ్మో, సినిమా హీరోయిన్ బొమ్మో ఏసుకోక!"

నీకు అర్థం కాదులే అని, అది కూడా హిందీలోనే అన్నాను.

"అర్దం కాకపోతే పోయింది. గుర్రం కావాలంతే సింహాచలం అన్నియ్య కాడికెల్లు. మన సిద్ధగోరాలో ఆడికే ఉంది."

సింహాచలం మావ ఒకప్పుడు టాటానగర్ స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక జట్కా మూలపడింది, గుర్రం మాత్రం మిగిలింది. ఇక్కడి పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు ఆడగుర్రం మీద ఊరేగాలి కాబట్టి మావకి పెళ్ళిళ్ళ రోజుల్లో మంచి గిరాకీ. గుర్రం పేరు చమేలీ. తెల్లటి ఒళ్ళు, మెడలో పూసలు, ముఖంలో తత్కాల్ టికెట్ దొరకనివాడి విసుగు.

"నా చమేలీ బొమ్మేత్తావా? ఏసుకో, ఏసుకో. ఉండు, నుదుటిమీద కుచ్చు కడతాను" అన్నాడు మావ, పొంగిపోయి.

"ముఖం అక్కర్లేదు మావా, కాలు చాలు."

"కాలా?"

"కాలు కూడా కాదు, అరికాలు. కిందనుంచి కనిపించాలి. మీద పడుతున్నట్టు."

మావ నన్ను కాసేపు తేరిపార చూశాడు. "మీ యమ్మకి తెలుసునా నువ్విలాగైపోయినావని?" అన్నాడు.

మొత్తానికి ఒప్పుకున్నాడు. చమేలీ ముందుకాలు రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. తలతాడు పట్టడానికి మూడో చెయ్యి లేక పళ్ళతో కరిచాడు. నేను గడ్డి మీద పాత గోనె పరిచి, దాని మీద వెల్లకిలా పడుకుని, టాబ్లెట్ పొట్ట మీద పెట్టుకుని గీయడం మొదలుపెట్టాను. గుర్రపు అరికాలు మీరెప్పుడైనా చూశారా? చూడకండి. మధ్యలో మెత్తటి త్రికోణం ఒకటి, దాని చుట్టూ పగుళ్ళు, వాటిలో ఇరుక్కున్నవన్నీ చెబితే మీరు భోజనం చెయ్యరు. చమేలీ మెల్లగా తన బరువంతా మావ నడుం మీదికి దించుతోంది. ఆయన తాడు కరిచిన నోటితోనే "బే...ఇ, బే...ఇ" అని మూలుగుతున్నాడు. బేగి గియ్యమని ఆయన భావం.

సరిగ్గా అప్పుడు పాండేజీ వచ్చాడు. ఈయన పెళ్ళికొడుకు మేనమామ. టెల్కో కాలనీ నుంచి తరలివచ్చిన మగపెళ్ళివారిలో అన్నిటికీ కంగారుపడే బాధ్యత ఈయన తీసుకున్నాడు. ఆ సాయంత్రమే మా వీధి చివర హాల్లో పెళ్ళి. గుర్రం సిద్ధంగా ఉందో లేదో చూసుకుందామని వచ్చాడు. వచ్చి ఏం చూశాడు? గుర్రం కాలు గాల్లో, యజమాని నోట్లో తాడు, గుర్రం కింద పడుకుని అరికాలిని పరీక్షిస్తున్న ఒక అమ్మాయి.

"కాలికి ఏమైందమ్మా?" అని హిందీలో అడిగాడట. నాకు సరిగ్గా వినపడలేదు. బొమ్మలో మునిగితే నాకు పక్కన బాంబు పేలినా తెలీదు. నాలో నేనే గొణుక్కుంటున్నాను. ఆ గొణుగుడు కూడా హిందీలోనే.

"పగులు చాలా లోతుగా ఉంది... ఇంకా నల్లగా అవ్వాలి..." అన్నాను. నేనన్నది గీత గురించి.

పాండేజీ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "బాగవుతుందా డాక్టర్ సాహిబా?"

నేను టాబ్లెట్‌లో టైము చూసుకున్నాను. "ఇవాళ సాయంత్రానికల్లా ఖతమ్" అన్నాను. సాయంత్రానికి బొమ్మ పూర్తయిపోవాలి అని నా ఉద్దేశం.

చెప్పుల చప్పుడు దూరమైంది. మావ కాలు వదిలేశాడు, నేను దొర్లి తప్పుకున్నాను, ఆయన నోట్లోంచి తాడు ఊసేశాడు.

"ఒలే గుంటా! ఏటన్నావే ఆయన్తో? సాయంత్రానికి నా చమేలీ సచ్చిపోద్దని సెప్తావేటే?"

"నేనెప్పుడు చెప్పాను మావా?"

"ఇప్పుడే! నా సెవుల్తో ఇన్నాను! నోట్లో తాడుంది గానీ సెవుల్లో నేదు కదేటి!"

ఇద్దరం పరిగెత్తాం. పాండేజీ మలుపులో టీ బండి దగ్గర దొరికాడు. అప్పటికే అక్కడున్న నలుగురికీ గుర్రానికి కాలు కుళ్ళు రోగమని, డాక్టరమ్మ చేతులెత్తేసిందని చెప్పేశాడు. వాళ్ళు మరో నలుగురికి చెప్పడానికి లేవబోతున్నారు. మావ ప్రమాణాలు చేశాడు. చమేలీని తీసుకొచ్చి వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించి చూపించాడు. పాండేజీ మెత్తబడ్డాడు గానీ ఒక షరతు పెట్టాడు.

"డాక్టర్ సాహిబా బారాత్‌లో గుర్రం పక్కనే నడవాలి. దారిలో ఏమైనా అయితే మా పిల్లవాడు పైనుంచి పడతాడు."

"నేను డాక్టర్‌ని కానండీ" అన్నాను.

"కాకపోతే గుర్రం కింద పడుకుని ఏం చేస్తున్నావమ్మా?"

ఈ ప్రశ్నకి మీ దగ్గరేమైనా జవాబుంటే చెప్పండి. గుర్రం కింద పడుకున్న ఆడపిల్లకి డాక్టరు అన్న పేరు కంటే మర్యాదైన పేరు నాకైతే దొరకలేదు. మావ ముఖం చూశాను. ఆ ముఖంలో పెళ్ళిళ్ళ సీజనంతా పోయినట్టుంది. సరే అన్నాను.

అలా ఆ సాయంత్రం, ముఖచిత్రం గీయాల్సిన నేను, బ్యాండు మేళం వెనక గుర్రం పక్కన నడుస్తున్నాను. నాకు అడ్డంగా డాన్సులు. ఒక బామ్మ వచ్చి తన మేక మేత ముట్టడం లేదని చెప్పింది. ఇంకొకాయన ప్యాంటు పైకి లాగి తన మోకాలే చూపించాడు. "నేను గుర్రాల డాక్టర్‌ని" అన్నాను, విసిగిపోయి. "మోకాలు మోకాలే కదమ్మా" అన్నాడు.

అప్పుడు ఫోన్ మోగింది. వసుంధర గారు.

"నీలవేణీ! ఏంటా గోల? ఎక్కడున్నావ్?"

"బొమ్మ పని మీదే ఉన్నాను మేడం! దగ్గర్నుంచి చూద్దామని వచ్చాను!" అని అరిచాను. బ్యాండువాడు సరిగ్గా నా చెవి పక్కన బూర ఊదుతున్నాడు.

"భేష్! ఇలాంటి శ్రద్ధే కావాలి. మీ ఊళ్ళో కూడా ఉందా?"

"మా వీధిలోనే ఉంది మేడం! పక్కనే నడుస్తున్నాను!"

"అయ్యో, జాగ్రత్తమ్మా! మరీ దగ్గరికి వెళ్ళకు. కాలు చిక్కుకుంటే అంతే!"

నేను చమేలీ కాళ్ళ వైపు చూసి కొంచెం పక్కకి జరిగాను. ఎంత శ్రద్ధో ఈవిడకి నా మీద, అనుకున్నాను.

"దోమలున్నాయా అక్కడ?"

"బోలెడు మేడం!"

"అవి కూడా వెయ్యి. గుంపులుగా. దాని వల్లే కదా దోమలు! రఫ్ ఎక్కడ?"

"రేపు ఫైనలే మేడం!" అని అరిచాను. ఆ అరుపుకో, బూర మోతకో తెలీదు, చమేలీ ఒక్క అడుగు పక్కకి వేసింది. ఆ అడుగు నా ఎడమ పాదం మీద పడింది.

నా కేకకి బ్యాండు ఆగిపోయింది. ఊరేగింపు ఆగిపోయింది. పెళ్ళికొడుకు ముఖం మీద పూలతెరలు తొలగించుకుని "గుర్రానికి ఏమైంది?" అని అడిగాడు. "గుర్రం బాగుంది, డాక్టరే పోయేట్టుంది" అన్నారెవరో.

"విన్నారా మేడం," అన్నాను ఫోన్లో, కళ్ళనీళ్ళతో. "నిజంగానే చాలా ప్రమాదం మేడం."

"చెప్పాను కదా!" అన్నారావిడ, తృప్తిగా.

మర్నాడు కాలికి పసుపు పట్టు వేసుకుని, కుర్చీ మీద చాపి, పగలంతా గీశాను. ఆ బొమ్మ వర్ణించమంటారా? ఆకాశం సగం నిండేంత పచ్చటి గుర్రపు పాదం, అరికాలు మన వైపు. దాని చుట్టూ ఊదారంగు పూలదండలు. కింద కాలువ, వణికిపోతున్న ఊరు. అరికాలి పగుళ్ళలోంచి మనుషుల వేళ్ళు, గోళ్ళతో సహా, నల్లగా కుచ్చులు కుచ్చులుగా నీళ్ళలోకి వేలాడుతూ. వాటి చుట్టూ దోమలు. ఒక్కో దోమా పిచ్చుకంత. నొప్పితో గీశాను కాబట్టి బొమ్మలో బాధ కూడా బాగా పలికింది. పంపించి, చేతులు కట్టుకుని, పొగడ్తల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఫోన్ వచ్చింది. వసుంధర గారే.

"నీలవేణీ... ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"

"కాలు నొప్పి మేడం. బొమ్మ ఎలా ఉంది?"

"ఏంటిది?"

"గుర్రపు డెక్క మేడం."

"ఇది గుర్రం డెక్క!"

"అవును మేడం, గుర్రపు డెక్కే."

"నేనడిగింది గుర్రపుడెక్క!"

"అదే కదా మేడం వేశాను!"

"అది కాదు! ఇది గుర్రం కాలికి ఉండేది! నేనడిగింది కాలువలో ఉండేది!"

"కాలువలో గుర్రం ఎందుకుంటుంది మేడం?"

"గుర్రం ఎవడడిగాడు నిన్ను!" వసుంధర గారి గొంతు చీరుకుపోయింది. "ఈ వేళ్ళేంటి? ఎవరివీ వేళ్ళు? గోళ్ళేంటి వాటికి! మా సబెడిటర్ ఒకావిడ చూసి టిఫిన్ మానేసింది!"

"మీరే కదా మేడం వేళ్ళు కావాలన్నారు..."

"మొక్క వేళ్ళు తల్లీ! మొక్కకి వేళ్ళుండవా?"

స్పీకర్ పెట్టి ఉంది కాబట్టి ఈ రామాయణమంతా వంటింట్లోకి వినపడుతోంది. అమ్మ గరిటె పట్టుకుని బయటికొచ్చింది.

"గుర్రపుడెక్కా? అదేటే, సెరువుల్లో పట్టీసే పిచ్చి మొక్క కాదేటి! ఊదాపూలు పూత్తాది. ఇక్కడోల్లు జల్‌కుంభీ అంతారు."

జల్‌కుంభీ! నేను గోడకి ఆనుకుపోయాను. బడికెళ్ళే దారిలో మురికి గుంటలో రోజూ చూసిన మొక్క. ఉబ్బిన కాడలు, గుండ్రటి ఆకులు, నెమలికన్ను లాంటి మచ్చ ఉన్న ఊదాపువ్వు. చిన్నప్పుడు ఆ కాడల్ని టప్పుమని పేల్చి ఆడుకున్నాం. కళ్ళు మూసుకుని గీయగలను. దాన్ని వదిలేసి గుర్రం కింద పడుకున్నాను.

"మా, తుమ్‌నే బతాయా క్యోఁ నహీఁ?" ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అరిచాను.

"నువ్వు గుర్రం కాలన్నావు. గుర్రం కాడికి పంపినాను. మొక్కంతే సెరువు కాడికే పంపుదును" అంది అమ్మ. "ఆ మేడం గారు తెలుగులో సెప్పినారు కదే. నువ్వూ తెలుగులోనే అడగాలి నన్ను."

ఫోన్‌లో వసుంధర గారు ఇదంతా విన్నారు. "మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని గియ్యి" అన్నారు. "బేగి" అని కూడా అన్నారో, నాకే అలా వినపడిందో తెలీదు.

గీశాను. అమ్మ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని "ఆకు ఇంకా గుండ్రంగా", "కాడ ఇంకా బొద్దుగా" అని పెత్తనం చేసింది. బొమ్మ వెళ్ళింది, అచ్చయ్యింది, బాగుందన్నారు. అమ్మ ఆ పత్రికని వీధంతా తిప్పింది. అందులో సగం ముగ్గు తనదేనని చెప్పుకుంది. సింహాచలం మావ చూసి, "ఇందులో నా చమేలీ ఏదే?" అని నిష్ఠూరమాడాడు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను పరువుగల మనిషిగా మిగిలేదాన్ని.

తర్వాత కొన్ని వారాలకి వసుంధర గారు సెలవులో వెళ్ళారు. ఆవిడ స్థానంలో ఉన్న కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడం, లోపల పూర్తి పేజీ బొమ్మ కావాలి. తామర మీద. సింపుల్‌గా చాలు."

ఈసారి నేను పాత నీలవేణిని కాను. బుద్ధి వచ్చింది. మాటని సగం విరవలేదు, హిందీలోకి మార్చలేదు, తెలుగు మాటని తెలుగులోనే, తు.చ. తప్పకుండా అమ్మని అడిగాను.

"అమ్మా, తామర అంటే ఏటి?"

ఆ 'ఏటి' విని అమ్మ కళ్ళు చెమర్చాయి. "తామర తెల్దేటే? పువ్వు కాదేటి! లచ్చిందేవి కూకుంటాది."

ఇంకేం! ప్రాణం పెట్టి గీశాను. తెల్లవారుజాము వెలుగు, మంచు బొట్లు, గులాబీరంగు రేకలు, మధ్యలో బంగారు పుప్పొడి. వెనక దేవతలు పూలు చల్లుతున్నట్టు లీలగా మబ్బులు. ఆ కుర్రాడికి పంపితే "సూపర్ మేడం" అని ఒక్క ముక్క రాసి, పేజీలో పెట్టేశాడు. పాపం, వాడు బొమ్మ బాగుందా అని చూశాడు గానీ, బొమ్మకీ వ్యాసానికీ ఏం సంబంధమని చూడలేదు.

పత్రిక వచ్చింది. ఆత్రంగా తెరిచాను. పేజీ నిండా నా పద్మం, దివ్యంగా వికసించి ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో శీర్షిక: 'తామర వచ్చిందా? సిగ్గుపడి దాచుకోకండి!' బంగారు పుప్పొడి కింద చిన్న అక్షరాలతో: 'గోకితే పక్కవారికీ అంటుకుంటుంది. లోదుస్తులు ఎండలో ఆరవేయండి.'

చర్మవ్యాధుల డాక్టరుగారి శీర్షిక అది.

వసుంధర గారు సెలవులోంచే ఫోన్ చేశారు. ఆవిడ ఏమన్నారో రాయను. ఆవిడ పెద్ద కుటుంబం నుంచి వచ్చినావిడ, మర్యాదస్తురాలు.

"అమ్మా! తామర అంటే పువ్వన్నావు!" అని పేజీ ముఖాన పెట్టాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, చదివి, ఏమాత్రం తొణక్కుండా నన్ను పైనుంచి కిందికి చూసింది.

"తామరంతే ఏటీ అన్నావు. పువ్వు తామరా, గజ్జి తామరా అని అడిగినావేటి?"

అందువల్ల, చదువరులారా, సిద్ధగోరాలోని మా ఇంటి గడప మీద నిలబడి, ఎడమచేత్తో నిఘంటువు, కుడిచేత్తో ఫోన్ పట్టుకుని, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కుక్కగొడుగు మీద బొమ్మ అడిగితే కుక్కకి గొడుగు పట్టించను. పులిపిరి అంటే పులిని వెతుక్కుంటూ అడవికి పోను. గాడిదగుడ్డు అని ఎవరైనా విసుక్కుంటే అది ఎంత పెద్దది గీయాలని అడగను. వ్యాసం మొత్తం చదవకుండా, రఫ్ పంపకుండా, అమ్మ చేత రెండో అర్థం కూడా చెప్పించుకోకుండా పెన్ను ముట్టను. ఇది నా మాట. మాట అంటే ఇక్కడ ఏ అర్థమో కూడా అమ్మని అడిగాకే రాశాను.